భావం లేని రోగి

“ఇక మీదట ఈ ఆసుపత్రిలో ఏ ఒక్క రోగి మనోభావమూ గుర్తింపు పొందకుండా గుమ్మం దాటి బయటికి పోదు!” అని సూపరింటెండెంటు గారు మైకు పట్టుకుని ప్రకటించారు.

హాలు దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్లలో సగం మందికి మనోభావం అంటే ఏమిటో తెలియదు. మిగతా సగం మందికి గుమ్మం ఎటుందో తెలియదు. మరమ్మతుల పేరుతో పాత గుమ్మం మూసేసి అప్పటికి ఆరు నెలలైంది.

ఉన్నమాట చెప్పుకోవాలి, ఆసుపత్రివాళ్లు ఈ పనిని ఆషామాషీగా తీసుకోలేదు. ముందుగా సానుభూతి విభాగం అని ఒక గది వెలిసింది. దానికోసం మందుల స్టోరులో సగం ఖాళీ చేయించారు. నిన్నటిదాకా దుప్పట్ల స్టోరు చూసినాయన్ని సానుభూతి అధికారిగా వేశారు. ఆయనకు సానుభూతిలో అనుభవం ఏముందని ఎవరో అడిగితే, “పదకొండేళ్లపాటు దుప్పట్లు లేవని చెప్పి రోగుల్ని వెనక్కి పంపాను. ఒక్కరు తిరగబడితే ఒట్టు!” అన్నాడు. నిజమే, అంతకన్నా అర్హత ఏం కావాలి?

తరవాత సిబ్బంది అందరి మెడల్లోనూ ఒక అట్ట వేలాడింది. రోగి దగ్గరికి వెళ్లగానే అతని కళ్ల ఎత్తుకు వంగాలి. తల కాస్త ఎడమవైపుకు వాల్చాలి. “మీకు భయంగా ఉందని నేను గమనించాను. అలా అనిపించడం సహజమే” అనాలి. భయం ఉన్నచోట సందర్భాన్ని బట్టి దిగులో, ఆందోళనో వేసుకోవచ్చు. ఆపైన ఏడు సెకన్లు నోరు మెదపకూడదు. రోగి మనసు తేలికపడేది ఆ ఏడు సెకన్లలోనేనట. నెల తిరిగేసరికి నర్సుల్లో సగం మందికి మెడలు పట్టేశాయి. ఎముకల డాక్టరు వాళ్లను పరీక్షించి, తల కుడివైపు వాల్చుకోవచ్చని చీటీలు రాసిచ్చాడు.

శిక్షణలో అందరూ పాసయ్యారు, ఒక్క ఆయమ్మ తప్ప. ఆవిడ మగవాళ్ల వార్డులో బెడ్‌పాన్లు మారుస్తుంది, నేల తుడుస్తుంది, కూజాల్లో నీళ్లు నింపుతుంది, నింపుతూ అందరినీ తిడుతుంది.

“రోగి ఏడుస్తున్నాడనుకో. నువ్వేం చేస్తావు?” అని అడిగాడు సానుభూతి అధికారి.

“ఎందుకేడుస్తున్నావని అడుగుతా.”

“ఆ తరవాత?”

“అదేదో చూస్తా.”

పదికి సున్నా వచ్చింది. రోగి ఏడుస్తున్న సంగతి తాను గమనించినట్టు రోగికి తెలియజేయాలన్న అసలు విషయమే ఆవిడ బుర్రకెక్కలేదు. మూడుసార్లు పరీక్ష పెట్టారు. మూడుసార్లూ అదే జవాబు, అదే సున్నా!

సరిగ్గా ఈ సానుభూతి మాంచి జోరుమీద ఉన్న రోజుల్లో గడియారాలు బాగుచేసే ఆయన ఒకడు హెర్నియా ఆపరేషనుకని వచ్చి మగవాళ్ల వార్డులో చేరాడు.

గడియారాలాయనకు యాభై ఆరేళ్లు. నలభై ఏళ్లుగా కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత మరల్ని పట్టకారుతో ఎత్తి పెడుతున్నాడు. చెయ్యి వణికితే వాచీ చెడిపోతుంది. అందుకని చేతితోపాటు మనసునూ వణక్కుండా చూసుకోవడం అలవాటైపోయింది. పిడుగుపడ్డా “పడిందా?” అని అడిగి పనిలో పడేరకం. ఇంట్లో ఆయనా, వాళ్లక్కా, ఇద్దరే. అమ్మ పోయాక తనను పెంచింది అక్కే. రెండేళ్ల కిందట ఆవిడకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. పొద్దున్నే లేపి కూర్చోబెట్టడం, తినిపించడం, పక్క మార్చడం అన్నీ ఈయనే. ఆసుపత్రిలో చేరేముందు పక్కవాటా టైలరు భార్యను బతిమాలుకున్నాడు. ఆవిడ ఒప్పుకుంది. అయితే శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నర బస్సుకు భర్తతో కలిసి కూతురి పురుటికి వెళ్లాలి. అప్పటిదాకానే చూడగలనంది.

సోమవారం ఆపరేషను చక్కగా జరిగిపోయింది. గురువారం పొద్దున డాక్టరు కుట్లు చూసి, “బ్రహ్మాండంగా ఉంది, ఇంటికెళ్లిపోవచ్చు” అన్నాడు. డాక్టర్లు ఇంకా పాతకాలం వాళ్లు, అలాగే మాట్లాడుతున్నారు.

గడియారాలాయన సంచి సర్దుకున్నాడు. తన బట్టలూ చెప్పులూ చేరినరోజే లాకరులో పెట్టేశారు, డిశ్చార్జి చీటీ చూపిస్తేగాని ఇవ్వరు. వెనకవైపు తాళ్లతో ముడేసే ఆసుపత్రి చొక్కా ఒంటిమీదుంది. పెద్ద సిస్టరు చేతిలో చిన్న కంప్యూటరు పలక పట్టుకుని వచ్చింది. మంచం పక్కన వంగింది. తల వాల్చింది.

“మీకు ఇంటికెళుతున్నందుకు ఏమనిపిస్తోందండీ?”

“ఏమీ అనిపించడం లేదమ్మా. చీటీ ఇస్తే వెళతాను.”

“అలా కాదండీ. భయమా, ఆందోళనా, దిగులా, కోపమా, కృతజ్ఞతా? ఏదో ఒకటి ఉంటుంది కదా.”

“నాకలాంటివేం లేవమ్మా.”

పెద్ద సిస్టరు “మీకు ఏమీ అనిపించడం లేదని నేను గమనించాను. అలా ఏమీ అనిపించకపోవడం సహజమే” అంది. తరవాత కాస్త నోరుమూసుకుని, మళ్లీ పలక ఎత్తింది.

“సిస్టరమ్మా” అన్నాడు గడియారాలాయన, “ఏడు సెకన్లని అట్టమీదుంది కదా? మీరు ఐదే ఆగారు. మీ చేతివాచీ కూడా నాలుగు నిమిషాలు వెనకుంది. ఇటివ్వండి, సరిచేసి పెడతాను.”

ఆవిడ వాచీ ఇవ్వలేదు. పలకమీద ఐదు గళ్లున్నాయి. ఏదో ఒకటి నొక్కితేనే కంప్యూటరు తరవాతి పేజీకి వెళుతుంది. డిశ్చార్జి చీటీ ఆ తరవాతి పేజీలో ఉంది. ‘ఏమీ లేదు’ అనే గడి పెట్టాలని ఆ కంప్యూటరు తయారుచేసినవాళ్లకు తోచలేదు. ఏమీ లేని మనిషి ఆసుపత్రికి వస్తాడని వాళ్లు కలలో కూడా అనుకుని ఉండరు.

“ఏదో ఒకటి చెప్పండి సార్” అంది ఆవిడ, ఈసారి అట్ట చూడకుండానే. “నాకింకా ముప్ఫై ఎనిమిది మంచాలున్నాయి. మీకు పుణ్యముంటుంది.”

“లేనిది ఎలా చెప్పనమ్మా?”

దాంతో కబురు సానుభూతి అధికారికి వెళ్లింది. ఈలోగా పక్కమంచంమీది లారీడ్రైవరు అందుకున్నాడు. కాలు విరిగి, దాన్ని ఇనపచట్రానికి వేలాడదీసుకుని రెండు నెలలుగా అక్కడే పడివున్నాడు. కొత్త పద్ధతిలోని లోతుపాతులన్నీ అతనికి కొట్టినపిండి.

“బాబాయ్, నా మాట విను. కోపం అన్నావో, ఫిర్యాదుల కమిటీకి పంపుతారు. అది మంగళవారం కూర్చుంటుంది. దిగులు అంటే మనసు డాక్టరుకి రాస్తారు. ఆయన బుధవారాల్లోనే వస్తాడు. నేను తెలీక దిగులని నొక్కించుకున్నాను. ఓ అమ్మాయొచ్చి నాకు కుందేలు కథ చదివి వినిపించింది. కృతజ్ఞత అని నొక్కించెయ్. చీటీ టక్కున వస్తుంది.”

“డాక్టరు చేతులకు దండం పెట్టాను, అది ఆయనకూ నాకూ మధ్య. కంప్యూటరుకు కృతజ్ఞత ఏమిట్రా? కొన్నవాడికి నచ్చుతుందని ఆగిన వాచీలో ముళ్లు తిప్పి అమ్మినట్టుంటుంది. ఆ పని నేనెప్పుడూ చెయ్యలేదు.”

“సరే. అయితే నాకు తోడుండు” అన్నాడు డ్రైవరు.

సానుభూతి అధికారి వచ్చాడు. ముఖంనిండా మెత్తదనం పులుముకుని ఉన్నాడు. దుప్పట్ల స్టోరు రోజుల్లో ఆ మెత్తదనం దుప్పట్లలో కూడా ఉండేది కాదు.

“సార్, మీ గురించి చెప్పారు. భావం లేకపోవడం అనేది ఉండదండీ. మీరు గుర్తించడం లేదంతే. బాగా ఆలోచించండి, లోపల ఎక్కడో ఏదో ఉంటుంది.”

గడియారాలాయన నిజాయితీగా ఆలోచించాడు. “మా అక్క మంచంలో ఉంది. రేపు పన్నెండున్నర తరవాత ఇంట్లో తనకు ఎవరూ ఉండరు. నేను వెళ్లాలి.”

“ఇది సమాచారం అండీ. భావం కాదు.”

“పోనీ, తన గురించి భయంగా ఉంది.”

అధికారి కళ్లు మెరిశాయి. అంతలోనే ఆరిపోయాయి. “అది ఇంటి భయం సార్. మాకు సంబంధం లేదు. ఆసుపత్రికి చెందిన భయం ఏమైనా ఉంటే చెప్పండి. ఆపరేషనో, సూదో...”

గడియారాలాయన గోడ గడియారంకేసి చూశాడు. పదకొండు కావస్తోంది. భయం ఎలాగూ ఉంది, దేనిమీద అన్నదొక్కటే కదా తేడా అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. నలభై ఏళ్లలో మొదటిసారి ముల్లు కాస్త పక్కకు తిప్పాడు.

“సూదంటే భయం” అన్నాడు.

“అద్గదీ!” అని అధికారి స్వయంగా వంగి, తల వాల్చి, సూదంటే భయం ఎంత సహజమో చెప్పి, నిండుగా ఏడు సెకన్లు ఆగాడు. పలకమీద భయం గడి నొక్కాడు. పేజీ మారింది. గడియారాలాయన చెయ్యి చాచాడు.

“చీటీ రేపండీ” అన్నాడు అధికారి ప్రేమగా. “భయం ఉన్న రోగిని అలా ఇంటికి పంపించేస్తామా? మేం మనుషులం కామా? ఇరవై నాలుగు గంటలు గమనిస్తాం. రేపు పదకొండుకు భయం ఎంత తగ్గిందో కొలిచి, సంతోషంగా పంపించేస్తాం.”

డ్రైవరు తలగడలో మొహం దాచుకుని నవ్వాడు. వేలాడుతున్న కాలు ఊగి నొప్పిపుట్టేదాకా నవ్వాడు.

ఇరవై నాలుగు గంటలూ గమనించారు. గంటకొకరు చొప్పున వచ్చి, “సూదంటే ఇంకా భయంగానే ఉందాండీ?” అని అడిగారు. ఆ ప్రశ్నవల్ల సూదంటే ఎన్నడూ భయపడనివాళ్లు మరో నలుగురు భయపడటం మొదలుపెట్టారు. వాళ్ల డిశ్చార్జీలు కూడా ఆగిపోయాయి.

శుక్రవారం పదకొండయింది. కొలవాల్సిన అధికారి రాలేదు. మర్నాడు పొద్దున ఆసుపత్రికి ‘ఉత్తమ సానుభూతి ఆసుపత్రి’ షీల్డు ఇవ్వడానికి తనిఖీ కమిటీ వస్తోందట. వేదిక అలంకరణలో మునిగిపోయాడు. గడియారాలాయన పొట్ట పట్టుకుని మెల్లగా గేటుదాకా నడిచాడు.

గేటు మనిషి తల వాల్చాడు. “మీరు వెళ్లాలని ఆరాటపడుతున్నారని గమనించాను. అలా అనిపించడం సహజమే. చీటీ ఏది?”

తిరిగొచ్చి డ్రైవరు ఫోనులోంచి టైలరు భార్యకు చేశాడు. అప్పటికి పన్నెండూ ఇరవై ఐదు.

“అన్నయ్యా, ఇంకా రాలేదేం?” ఆవిడ గొంతు వెనకాల బస్సు హారన్లు. “నేను బస్సెక్కేశాను. మీరు ఈపాటికి వచ్చేసి ఉంటారనుకున్నాను! అక్కయ్యకు అన్నం పెట్టి, మంచం పక్కన గ్లాసుతో నీళ్లుంచి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను. ఎడంచేత్తో అందుకుంటుంది లెండి. మీరు వెంటనే బయలుదేరండి.”

గడియారాలాయన ఫోను తిరిగిచ్చేశాడు. గోడ గడియారం పన్నెండున్నర దాటింది. గ్లాసు చెయ్యి జారితే ఆ తరవాత అక్కకు నీళ్లు లేవు. పక్క తడిస్తే మార్చేవాళ్లు లేరు. పిలిస్తే పలికేందుకు పక్కవాటాలో కూడా ఎవరూ లేరు. నలభై ఏళ్లు వణకని చేతులు మొట్టమొదటిసారి వణికాయి. అవి వణకడం ఆయనే ఆశ్చర్యంగా చూసుకున్నాడు. పెద్ద సిస్టరు అటుగా వెళుతూ ఆ చేతులు చూసింది. ఆగి తల వాల్చబోయింది. ఇంతలో ముప్ఫైరెండో మంచం ఆయన పిలిస్తే వెళ్లిపోయింది.

ఆయమ్మ బకెట్టుతో వచ్చింది. “కాళ్లు పైకి పెట్టు. తుడవాలి. ఏంటా చేతులు? చలా?”

“మా అక్క ఇంట్లో ఒక్కతే ఉంది. లేవలేదు” అన్నాడు గడియారాలాయన. సమాచారమే చెప్పాడు.

ఆయమ్మ తల వాల్చలేదు. నిటారుగా నిలబడే, “ఇల్లెక్కడ?” అంది.

చెప్పాడు.

“మూలుగుతూ కూర్చోకుండా ఆ సంగతేదో పొద్దున చెప్పొద్దూ? మగాళ్లకి నోట్లో నాలుక ఉండదు” అని తిట్టి, మంచం కింద తుడిచి, బకెట్టు పట్టుకుని పోయింది.

రెండింటికి అధికారి తీరిక చేసుకుని వచ్చాడు.

“సూది భయం తగ్గిందాండీ? పదికి ఎంత ఉంటుందంటారు?”

“సున్నా.”

“సున్నానా!” అధికారి ముఖం వాడిపోయింది. “సున్నా అంటే భయం లేనట్టే కదా సార్. భయం లేకపోతే గడి మళ్లీ ఖాళీ. మళ్లీ మొదటికొచ్చాం. పోనీ ఒకటో రెండో ఉంచుకుంటే...”

“ఉంచుకుంటే?”

“ఇరవై నాలుగు గంటలు గమనించాలి.”

గడియారాలాయన పక్కమంచం వైపు చూశాడు. డ్రైవరు చూపుడువేలుతో గాలిలో గడి నొక్కి చూపించాడు. గడియారాలాయన కళ్లు మూసుకున్నాడు. ఆగిపోయిన వాచీ ముళ్లు పట్టుకుని తన చేత్తో తనే గిర్రున తిప్పేసినట్టు అనిపించింది.

“కృతజ్ఞత” అన్నాడు.

“ఏమన్నారు?”

“కృతజ్ఞతగా ఉంది. ఆసుపత్రిమీద. ఇప్పుడు చీటీ ఇవ్వండి.”

అధికారి కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. “నిన్న పొద్దున భావమే లేదన్నారు! ఆ తరవాత భయం అన్నారు! ఇవాళ కృతజ్ఞత! సార్, రెండు రోజుల్లో ఒక రాయిని మనిషిని చేశాం మేము! ఇలాంటి కేసు కోసమే కదా నేను వారంరోజులుగా వెతుకుతున్నాను. రేపు కమిటీ ముందు మీరే మాట్లాడాలి. చీటీ సభలోనే, ముఖ్య అతిథి చేతులమీదుగా ఇప్పిస్తాను!”

గడియారాలాయన అరిచాడు. పుట్టి బుద్ధెరిగాక అరవడం అదే మొదటిసారి. పాపం అరవడం అలవాటు లేక, మాట సరిగ్గా బయటికి రాలేదు. కుట్లదగ్గర కలుక్కుమంది. అధికారి ఆప్యాయంగా భుజం తట్టి, ఆనందం పట్టలేకపోవడం కూడా సహజమేనన్నాడు.

ఆ రాత్రి ఎలా గడిచిందో ఆయనకే తెలియాలి.

శనివారం పొద్దున వార్డుకు ఆయమ్మ రాలేదు. అడిగితే, చెప్పాపెట్టకుండా మానేసిందని చెప్పారు. అతిథులకు నీళ్లందించే పని ఆవిడదే. ఇంత ముఖ్యమైనరోజు మానేసినందుకు అధికారి మండిపడుతున్నాడు. ఎవరూ వంగి తల వాల్చకపోవడంవల్ల, ఆయన కోపం ఎవరి గుర్తింపుకూ నోచుకోలేదు.

సభలో ముందు వరుసనిండా కమిటీవాళ్లు కూర్చున్నారు. సూపరింటెండెంటు గారు ఆసుపత్రిలో నూటికి నూరుమంది రోగులూ కృతజ్ఞతతోనే ఇంటికి వెళుతున్నారని తెరమీద బొమ్మ వేసి చూపించారు. తరవాత, “భావమే లేని రోగిగా వచ్చి, మన సానుభూతివల్ల...” అంటూ గడియారాలాయన్ని వేదికమీదికి పిలిచారు. వెనక ముడి ఒక చేత్తో పట్టుకుని, ఉత్తకాళ్లతో మెట్లెక్కి మైకుముందు నిలబడ్డాడు. ఎదురుగా గోడ గడియారం ఉంది.

“అయ్యా, నిన్న మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మా అక్క ఇంట్లో ఒక్కతే ఉంది. తనంతట తాను లేవలేదు. ఇప్పుడు పదీ నలభై. ఇరవై రెండు గంటల పది నిమిషాలైంది. నాకు సానుభూతి వద్దు. నా చెప్పులు కావాలి.”

హాలు నిశ్శబ్దమైపోయింది. గడియారాలాయన అలవాటుకొద్దీ లెక్కపెట్టాడు. ఈసారి ఖచ్చితంగా ఏడు సెకన్లు. వెంటనే చప్పట్లు మిన్నుముట్టాయి. ముఖ్య అతిథి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“ఎంత నిబ్బరం! ఎంత లోతు!” అంది మైకు లాక్కుని. “ఇంట్లో అంత కష్టం పెట్టుకుని, కేవలం ఆసుపత్రిమీది కృతజ్ఞత కొద్దీ ఇక్కడే ఉండిపోయారంటే! అయ్యా, మీ బాధను మేమందరం గమనించాం!”

హాల్లో తలలన్నీ ఒకేసారి ఎడమవైపుకు వాలాయి. ఎముకల డాక్టరు అనుమతి ఉన్నవాళ్లవి కుడివైపుకు వాలాయి. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. ముఖ్య అతిథి ఒక ప్రశంసాపత్రం తీసి, దానిమీద సంతకం చేసి చేతిలో పెట్టింది. ఫోటోవాళ్లు అడ్డంపడ్డారు. గడియారాలాయనకు కళ్లలో నీళ్లు ఉబికి వచ్చేశాయి.

“సార్, ఇప్పుడే కాదు!” అన్నాడు అధికారి చెవిలో కంగారుగా. “ఫోటో అయ్యాక ఏడవండి. ఇది కృతజ్ఞత ఫోటో!”

ఫోటో అయ్యేదాకా ఆయన ఆగలేదు. ప్రశంసాపత్రం పట్టుకుని మెట్లుదిగి, హాలు దాటి, గేటు దగ్గరికి నడిచాడు. గేటు మనిషి కాగితం తిరగేసి చూసి, పెద్ద సంతకం ఉందికదా అని తలుపు తీసేశాడు. డిశ్చార్జి చీటీయా కాదా అని అడగలేదు. ఆసుపత్రి చొక్కాతో, చెప్పుల్లేకుండా, పొట్టకు చెయ్యి అడ్డంపెట్టుకుని ఆటో ఎక్కిన ఆ మనిషిని చూసి ఆటోవాడు ఏమీ గమనించినట్టు చెప్పలేదు. తొందరగా పోనిచ్చాడు.

ఇంటి తలుపు తీసే ఉంది. లోపలినుంచి తిట్లు వినిపిస్తున్నాయి.

“తల కదిలిస్తే జడ ఎట్లా వేసేది? ఎడమ చెయ్యి బాగానే ఉందిగా, దువ్వెన పట్టుకోలేవా? పట్టుకో!”

అక్క మంచంమీద దిండు ఆనుకుని కూర్చుని ఉంది. ఉతికిన చీర కట్టి ఉంది. వెనకాల ఆయమ్మ జుట్టు చిక్కు తీస్తోంది.

“ఒరే తమ్ముడూ, ఎవర్రా ఈవిడ?” అంది అక్క, నోరు కాస్త వంకరపోయినా రోషం తగ్గకుండా. “నిన్న మూడింటికి వచ్చింది. అప్పట్నించీ ఒకటే తిట్టడం. రాత్రి ఇక్కడే పడుకుని నిద్రలో కూడా తిట్టింది. నేనూ ఊరుకోలేదనుకో!”

గడియారాలాయన గడపమీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయనకు ఏం భావం కలిగిందో నొక్కడానికి అక్కడ పలక లేదు. సంతోషం, భయం, సిగ్గు అన్నీ కలిసి ఒక్కసారే వచ్చేశాయి. అంత ఏడుపు తనలో ఉందని ఆయనకే తెలియదు.

“కుట్లు తెగుతాయి, ఏడుపాపు!” అని ఆయమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చి చేతిలో పెట్టింది. “అన్నం తిన్నావా?”

సోమవారంనాడు ఆయమ్మకు మెమో వచ్చింది. సభరోజు విధులకు రాకపోవడమే కాకుండా, రోగి బాధను నిర్ణీత పద్ధతిలో గుర్తించకుండా నేరుగా రోగి ఇంటికి వెళ్లడం క్రమశిక్షణారాహిత్యమని, సంజాయిషీ ఇవ్వాలని దానిలో ఉంది. ఆవిడకు చదువు రాదు. గడియారాలాయనే చదివి వినిపించాడు. సంజాయిషీ కూడా ఆయనే రాశాడు.

“వెళ్లిన కారణం అని ఉంది. ఏం రాయమంటావు?”

“చూసేవాళ్లు లేరన్నావు, వెళ్లాను. అదే రాయి.”

“ఆ సమయంలో ఉద్యోగి మనోభావం, అని ఒక గడుంది.”

ఆయమ్మ చాలాసేపు ఆలోచించింది. పరీక్షల్లో కూడా అంతసేపు ఆలోచించి ఉండదు. “ఉప్పు ఎక్కడ పెట్టుకున్నారో దొరకలేదు. వంటింట్లో మొత్తం వెతికాను. అదే రాయి.”

గడియారాలాయన తనకు చెప్పింది చెప్పినట్టే రాశాడు. సంజాయిషీ తిరస్కరించారు. ‘మనోభావం అనుచోట ఉప్పు అని నమోదైనందున’ ఆయమ్మను నెలరోజులు పని నుంచి తప్పించి, నాలుగోసారి శిక్షణకు సిఫారసు చేశారు. షీల్డును సూపరింటెండెంటు గారి గదిలో, అద్దాల బీరువాలో పెట్టారు. ఆ నెలరోజులూ ఆయమ్మ రోజూ వాళ్లింటికి వచ్చి అక్కతో పోట్లాడుతూ కూర్చుంది. అక్క ఎడమచేత్తో దువ్వెన పట్టుకుని, ఆయమ్మమీదికి విసరడం నేర్చుకుంది. గడియారాలాయన కుదుటపడి దుకాణం తెరిచాడు.

తెరిచిన నాలుగోరోజున లారీడ్రైవరు ఫోను చేశాడు. అతని కాలు ఇంకా చట్రానికే వేలాడుతోంది.

“బాబాయ్, ఆయమ్మని ఎలాగైనా బతిమాలి ఒక్కసారి పంపించు. పొద్దుట్నించీ కూజాలో చుక్క లేదు, నాలుక పిడచకట్టుకుపోతోంది.”

“అదేమిట్రా, వార్డునిండా అంతమంది ఉన్నారు. ఎవరినీ అడగలేదా?”

“ఎందుకడగలేదు? పదకొండుమందిని అడిగాను బాబాయ్. అందరూ చాలా బాగా అర్థం చేసుకున్నారు.”